విజన్ ప్రోలో పర్సోనా: ఒకటి కొంటే దండగ, రెండు కొంటేనే లెక్క

ముందే తేల్చి చెప్పేస్తే మంచిది. ఎక్కడో దూరాన ఉన్న మనిషి మన గదిలోనే ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు అనిపించడంలో, మామూలు మనుషులు దుకాణంలో కొనుక్కోగల వస్తువుల వరకు చూస్తే, ఆపిల్ వారి విజన్ ప్రో హెడ్‌సెట్‌లోని స్పేషియల్ పర్సోనాని మించింది ఇప్పటికి లేదు. పర్సోనా అంటే మన ముఖాన్ని స్కాన్ చేసి కాల్స్‌లో మన బదులు చూపించే బొమ్మ. అదే విజన్ ప్రో పెట్టుకుని డల్లాస్ నుంచి గుంటూరులో అమ్మ ఫోన్‌కి కాల్ చేస్తే మాత్రం ఆవిడకి కనిపించేది మీలా ఉన్న ఒక బొమ్మ. దానికన్నా హెడ్‌సెట్ పక్కన పెట్టి ఫోన్ కెమెరా ముందు కూర్చోవడమే నయం. ఒకే యంత్రం గురించి ఈ రెండు మాటలూ నిజం కావడానికి కారణం ఒక్కటే: అవతలివాళ్ళ దగ్గర కూడా విజన్ ప్రో ఉందా లేదా అన్నది.

విజన్ ప్రో 2024 ఫిబ్రవరి 2న అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అప్పటి పర్సోనా మీద బీటా, అంటే ఇంకా పరీక్షలోనే ఉందని, రాసి ఉండేది, రాయకపోయినా చూస్తే తెలిసేది. ముఖం మైనంతో పోతపోసినట్టు ఉండేది, జుట్టు అంచులు కత్తెరతో కత్తిరించినట్టు ఉండేవి, పక్కకి తిరిగితే చెవి దగ్గర చెరిగిపోయేది. ఆ ఏడాది ఏప్రిల్‌లో స్పేషియల్ పర్సోనా వచ్చింది. అంటే చదరపు డబ్బాలో ఇరుక్కున్న ముఖం డబ్బా వదిలి మీ గదిలోకి వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ విజన్ ఓఎస్ 26తో పర్సోనా మొత్తం మారిపోయింది, బీటా ముద్ర కూడా పోయింది. ఇప్పుడు ముఖాన్ని గాసియన్ స్ప్లాట్లతో కడుతున్నారు. కొత్త పద్ధతిలో రంగు, పారదర్శకత ఉన్న చిన్న చిన్న గుండ్రటి మచ్చలు లెక్కలేనన్ని పేర్చి ముఖం తయారుచేస్తారు. కనురెప్పల వెంట్రుకలు, గడ్డం అంచు, నుదుటి మీద పడే ముంగురులు, ఇలా గట్టి అంచు లేనివన్నీ ఈ పద్ధతిలో సహజంగా వస్తాయి. పక్క నుంచి చూసినా ఇప్పుడు మనిషి మనిషిలాగే ఉంటున్నారు. 2024లో ఒకసారి చూసి పెదవి విరిచినవాళ్ళు ఇంకోసారి చూడాల్సిందే.

కళ్ళ మీద ఇంత పెద్ద పెట్టె తగిలించుకుంటే ముఖాన్ని ఏ కెమెరా తీస్తుందని చాలామందికి సందేహం. ఏదీ తీయదు. లోపల కళ్ళని గమనించడానికి నాలుగు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలున్నాయి, కింది వైపు చూసే కెమెరాలు నోరు, దవడ, చేతుల కదలిక పట్టుకుంటాయి. ఆ కదలికలని తీసుకుని, ముందే స్కాన్ చేసి దాచుకున్న మీ ముఖానికి అతికిస్తుంది. కదలిక ఈ క్షణానిది, రూపం స్కాన్ చేసిన రోజుది. పర్సోనా లోపాల్లో సగం ఇక్కడినుంచే పుడతాయి కాబట్టి ఇది గుర్తుపెట్టుకుంటే స్కాన్ ఎలా చేసుకోవాలో దానంతటదే తెలుస్తుంది.

స్కాన్ సరిగ్గా రావాలంటే

సెట్టింగ్స్‌లో పర్సోనా తెరిచి మొదలుపెట్టగానే హెడ్‌సెట్ తీసేసి, ముందు వైపు మీకేసి ఉండేలా కళ్ళ ఎత్తున పట్టుకోమంటుంది. తల కుడికి, ఎడమకి, పైకి, కిందికి తిప్పాలి. తర్వాత పెదాలు మూసి ఒక నవ్వు, పళ్ళు కనిపించేలా ఇంకో నవ్వు, కనుబొమలు పైకెత్తడం, కళ్ళు మూయడం. ఇంతే, పెద్దగా సమయం పట్టదు. మళ్ళీ తగిలించుకుంటే కొత్త ముఖం సిద్ధంగా ఉంటుంది.

తేలికగా కనిపిస్తుంది కానీ పాడుచేసుకునేవాళ్ళే ఎక్కువ. మొదటి దొంగ వెలుతురు. నెత్తిమీద ఒక్క ట్యూబ్‌లైట్ ఉన్న గదిలో స్కాన్ చేస్తే కళ్ళ కింద, ముక్కు కింద పడిన నీడలు ముఖంలో అచ్చుపడిపోతాయి. ఆపైన ఎంత వెలుగున్న గదిలో కూర్చుని కాల్ చేసినా ఆ నీడలు పోవు. పగటిపూట కిటికీకి ఎదురుగా, ఎండ నేరుగా ముఖం మీద పడకుండా నిలబడడం అన్నిటికన్నా మంచిది. వెనక గోడ ఖాళీగా ఉండాలి. రెండో దొంగ ఎత్తు. హెడ్‌సెట్ బరువు, చేతులు నొప్పిపుట్టి కిందికి జారతాయి, కెమెరా గడ్డం కిందనుంచి చూస్తుంది, ముఖం ఉబ్బినట్టు వస్తుంది. మోచేతులు బల్ల మీద ఆనించుకుంటే ఆ బెడద ఉండదు.

మూడోది నవ్వు. ఫొటోకి బిగించిన నవ్వు నవ్వితే, ఆ తర్వాత మీరు మనస్ఫూర్తిగా నవ్విన ప్రతిసారీ తెరమీద ఆ బిగింపే కనిపిస్తుంది. పళ్ళు బాగా కనిపించేలా నవ్వండి, నోటి లోపలి భాగం ఎలా ఉంటుందో దానికి తెలిసేది ఆ ఒక్కసారే.

స్కాన్ రోజు వేసుకున్న చొక్కాయే ఇక ప్రతి కాల్‌లోనూ ఉంటుంది. పాత బనీను మీద స్కాన్ చేసి సోమవారం మీటింగ్‌కి ఆ అవతారంతో వెళ్ళేవాళ్ళున్నారు. కాలర్ ఉన్న, గీతలూ మెరుపులూ లేని ముదురు రంగు చొక్కా అన్నిటికీ సరిపోతుంది. బొట్టు పెట్టుకుని తీస్తే బొట్టు ఉంటుంది, మర్చిపోతే ఉండదు. జుంకాలు వేలాడుతూనే ఉంటాయి కానీ తల తిప్పితే ఊగవు, దానికన్నా దిద్దులు మేలు. వెనక వైపు స్కాన్ కాదు కనుక జడలో పూలు పెట్టుకోవడం వృథా శ్రమ. నూనె రాసి నున్నగా దువ్వుకుంటే జుట్టు మీది మెరుపు మరకలా అచ్చుపడే అవకాశం ఉంది. గడ్డం తీసేసినా, పెంచినా మళ్ళీ స్కాన్ చేసుకోవాలి, లేకపోతే ఎదుటివాళ్ళతో మాట్లాడేది మీ పాత ముఖం.

కళ్ళజోడు తీసే స్కాన్ చేయాలి, తర్వాత పర్సోనాకి జోడు పెట్టుకోవచ్చు. విజన్ ఓఎస్ 26లో ఫ్రేములు, రంగులు కలిపి వెయ్యికి పైగా రకాలున్నాయి. ఏళ్ళ తరబడి జోడుతో చూసిన మనిషి జోడు లేకుండా కనబడితే ఇంట్లోవాళ్ళు కూడా ఒక క్షణం తడబడతారు, అందుకే మీ అసలు ఫ్రేముకి దగ్గరగా ఉన్నది ఓపిగ్గా వెతకండి.

ఎదురెదురుగా కూర్చున్నాక

ఇద్దరి దగ్గరా విజన్ ప్రో ఉండి, ఆపిల్ వీడియో కాల్ యాప్ ఫేస్‌టైమ్‌లో ఇద్దరూ స్పేషియల్‌కి మారితే సంగతి వేరు. తల, భుజాలు, చేతులు, అంతవరకే మనిషి కనిపిస్తారు. నడుము కింద ఏమీ ఉండదు, అంచులు పొగలా కరిగిపోతాయి. వినడానికి వికారంగా ఉన్నా కాసేపట్లో కన్ను ఆ సంగతి మర్చిపోతుంది. దానికి కారణం చూపు. మామూలు వీడియో కాల్‌లో కెమెరా ఒకచోట, అవతలి మనిషి కళ్ళు తెర మీద ఇంకొకచోట ఉంటాయి. మీరు వాళ్ళ కళ్ళలోకి చూస్తే వాళ్ళకి మీరు కిందికి చూస్తున్నట్టుంటుంది. కెమెరాలోకి చూస్తే వాళ్ళ ముఖం మీకు కనబడదు. ఇక్కడ ఆ తిరకాసు లేదు. పర్సోనా కనుపాప అసలు కనుపాప ఎటు తిరిగితే అటే తిరుగుతుంది, మీరిద్దరూ ఒకే గదిలో ఎక్కడ కూర్చున్నారో యంత్రానికి తెలుసు కనుక చూపులు నిజంగా కలుస్తాయి.

అయిదుగురి దాకా ఇలా ఒకచోట చేరవచ్చు. ఇద్దరికన్నా ముగ్గురు నలుగురు ఉన్నప్పుడే దీని విలువ బాగా తెలుస్తుంది. ఎవరు ఎవరివైపు తిరిగారో కనిపిస్తుంది, మాట ఎవరి నోట్లోంచి వస్తే అటునుంచే వినిపిస్తుంది. తెరమీద చిన్న గళ్ళల్లో తొమ్మిది ముఖాలున్నప్పుడు "నువ్వు చెప్పు" అంటే ఎవరిని అన్నారో తెలియక ఇద్దరు ఒకేసారి మొదలుపెట్టడం అందరికీ అనుభవమే. ఇక్కడ తల తిప్పి చూస్తే చాలు. కాల్‌లో అందరూ కలిసి చూసే షేర్‌ప్లేలో పెట్టిన సినిమాగానీ ఇంటి ప్లాను డ్రాయింగుగానీ అందరికీ ఒకేచోట ఉన్నట్టు కనిపిస్తుంది, మీరు వేలితో చూపిస్తే అవతలివాళ్ళకీ ఆ వేలు ప్లానులో సరిగ్గా ఆ గదినే చూపిస్తుంది. ఇల్లు కట్టిస్తున్నవాళ్ళు, ఆర్కిటెక్ట్‌లు, యంత్రాల డిజైన్ చేసేవాళ్ళు దీనికోసం డబ్బు పెట్టినా అర్థముంది.

ఇక చేతులు. కెమెరాల చూపు దాటితే పర్సోనాలోనూ మాయమవుతాయి. మళ్ళీ ముందుకి తెస్తే తేలతాయి. మనకి ప్రత్యేకంగా తగిలే ఇబ్బంది నమస్కారం. రెండు అరచేతులు కలిపేసరికి ఒక చెయ్యి రెండోదానికి అడ్డం వస్తుంది, ఏ వేలు ఎక్కడుందో యంత్రం ఊహించాల్సి వస్తుంది. వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూరిపోయినట్టు, లేదా ఒక చెయ్యి గుటుక్కున మాయమైనట్టు కనిపించవచ్చు. చేతి ట్రాకింగ్ ఉన్న ప్రతి హెడ్‌సెట్‌కీ ఈ బలహీనత ఉంది. అరచేతుల మధ్య కాస్త సందు వదిలి, గుండె దగ్గర కాకుండా కొంచెం ముందుకి చాపి పెడితే చాలావరకు నిలబడుతుంది.

చేతిలో పట్టుకున్న వస్తువు అసలే కనిపించదు. కాఫీ గ్లాసు ఎత్తితే అవతలివాళ్ళకి ఖాళీ గాలిని పట్టుకున్న పిడికిలి నోటిదాకా వెళ్ళడం కనిపిస్తుంది. కొత్త చీర చూపించాలన్నా, ఒళ్ళో ఉన్న పసిపిల్లని తాతకి చూపించాలన్నా పర్సోనా పనికిరాదు. ఫేస్‌టైమ్‌లో మీరు చూస్తున్నదంతా అవతలికి పంపే ఏర్పాటు ఉంది, చూపించాల్సింది అలా చూపించి మళ్ళీ మామూలుకి రావాలి. ఇంటి కాల్స్‌లో సగం వస్తువులూ పిల్లలూ చూపించుకోవడమే అయినప్పుడు ఇది చిన్న లోటేమీ కాదు.

దూరం ఎక్కడికీ పోదు

హైదరాబాద్‌కీ డల్లాస్‌కీ మధ్య నేరుగా గీత గీసినా 14 వేల కిలోమీటర్ల పైచిలుకు. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే ఎంత గొప్ప నెట్ పెట్టించినా ఒకవైపు ప్రయాణానికే 70 మిల్లీసెకన్లు ఖాయం. కేబుళ్ళు నేరుగా పోవు, మధ్యలో రౌటర్లుంటాయి, రెండు చివర్లా వైఫై, పైగా ముఖాన్ని కట్టి చూపించే పని. ఫోన్ మాటల విషయంలో అంతర్జాతీయ టెలికాం సంఘం ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదని, 400 దాటకూడదని చెబుతుంది. అమెరికా, ఇండియా మధ్య కాల్ ఆ 150 గీత దగ్గరే తచ్చాడుతుంది.

దీని ప్రభావం తెలుగు మాట తీరు మీద బాగా కనిపిస్తుంది. మనం వింటూ "ఊఁ", "ఆఁ", "అవునవును" అంటూ ఉంటాం. ఆలస్యంగా చేరిన ఆ "ఊఁ" అవతలివాళ్ళ తర్వాతి వాక్యం మీద పడుతుంది, వాళ్ళు మీరేదో అనబోతున్నారనుకుని ఆగుతారు, మీరూ ఆగుతారు. స్పేషియల్ పర్సోనాలో తల ఊపడం స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి ఊఁకొట్టడం మానేసి తల ఊపితే ఈ ఢీకొట్టడం చాలా తగ్గుతుంది. ఒకే దేశంలో, మాట వరసకి డల్లాస్‌కీ అట్లాంటాకీ మధ్య, ఈ సమస్య దాదాపు ఉండదు.

ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుని 5 గిగాహెర్ట్జ్ వైఫై వాడండి. చెవుల దగ్గరి స్పీకర్లు తెరిచి ఉంటాయి, పక్కన కూర్చున్నవాళ్ళకి కాల్ మొత్తం వినిపిస్తుంది. ఒకే గదిలో ఇద్దరు రెండు హెడ్‌సెట్లతో ఒకే కాల్‌లో ఉంటే గొంతులు ప్రతిధ్వనిస్తాయి. అప్పుడు ఎయిర్‌పాడ్స్ తప్పనిసరి.

మెడ, ముక్కు, బ్యాటరీ

ఎం2 చిప్ ఉన్న మొదటి మోడల్ 600 నుంచి 650 గ్రాములు. 2025 అక్టోబర్‌లో వచ్చిన ఎం5 చిప్ మోడల్ 750 నుంచి 800 గ్రాములు. బరువు పెరిగిందేమిటని కంగారు పడనక్కర్లేదు, పెరిగిన బరువులో ఎక్కువ భాగం తలకి కట్టుకునే కొత్త పట్టీ డ్యూయల్ నిట్ బ్యాండ్ వెనక భాగంలో సమతూకం కోసం పెట్టిన టంగ్‌స్టన్‌ది. పాత సోలో నిట్ బ్యాండ్‌తో బరువంతా చెంపల మీద మోపుతుంది, అరగంట కాల్ తర్వాత బుగ్గల మీద అచ్చులు పడతాయి. ఎం2 ఉన్నవాళ్ళు హెడ్‌సెట్ మార్చనక్కర్లేదు, బ్యాండ్ ఒక్కటి కొనుక్కుంటే ఆ సుఖం చాలావరకు వస్తుంది. పర్సోనా కోసమే అయితే ఎం5కి మారాల్సినంత తేడా లేదన్నది మా మాట.

బ్యాటరీ విడిగా జేబులో ఉంటుంది, 353 గ్రాములు. మామూలు వాడకంలో ఎం2కి రెండు గంటలు, ఎం5కి రెండున్నర అని ఆపిల్ లెక్క. ఆదివారం ఇంటి కబుర్లు అంతకన్నా పొడుగు కాబట్టి బ్యాటరీకి యూఎస్‌బీ-సీ చార్జర్ తగిలించే కూర్చోండి, వాడుతూనే చార్జ్ చేసుకోవచ్చు.

ముఖానికి ఆనే లైట్ సీల్ సైజు సరిపోకపోతే సుఖం ఒక్కటే పోదు, కళ్ళు కెమెరాలకి సరైన దూరంలో ఉండవు. అవతలివాళ్ళకి మీ కన్ను ఒకటి మత్తుగా వాలినట్టు కనబడుతోందంటే ముందు సీల్, స్ట్రాప్ చూడండి, ఆ తర్వాతే మళ్ళీ స్కాన్. సెట్టింగ్స్‌లో కళ్ళ అమరిక మరోసారి చేయించినా చాలాసార్లు సర్దుకుంటుంది. పవర్ ఉన్నవాళ్ళకి జైస్ కంపెనీ చేసే లెన్సులు కావాలి, చదువుకునే లెన్సులకి 99 డాలర్లు, డాక్టర్ చీటీ ప్రకారం చేసేవాటికి 149. గట్టి కాంటాక్ట్ లెన్సులు కంటి ట్రాకింగ్‌ని తికమక పెట్టవచ్చు.

అన్నిటికన్నా చిరాకు పుట్టించేది ఒకటుంది. ఒక హెడ్‌సెట్‌కి ఒకే యజమాని. అతిథిగా ఇంకొకరు పెట్టుకోవచ్చు కానీ వాళ్ళకి పర్సోనా ఉండదు. భార్యాభర్తలు ఒకే విజన్ ప్రోని వంతులవారీగా వాడుకుని ఎవరి ముఖంతో వాళ్ళు మాట్లాడడం కుదరదు. ఇంత ధర పెట్టిన వస్తువు విషయంలో ఈ పిసినారితనం ఎందుకో అర్థం కాదు.

జూమ్, టీమ్స్, వెబెక్స్‌లలో పర్సోనాయే మీ కెమెరా. మిగతా అందరికీ చదరపు డబ్బాలో ముఖం, అంతే. రోజూ కలిసే బృందంతో ఫర్వాలేదు. ఉద్యోగం ఇంటర్వ్యూకీ, బ్యాంకు వీడియో కేవైసీకీ ఈ ముఖంతో కూర్చోవద్దని వేరే చెప్పాలా!

మిగతావాళ్ళ సంగతి

మన దేశంలో అధికారికంగా దొరికే మెటా క్వెస్ట్ 3ఎస్ ధర 38,999 నుంచి, క్వెస్ట్ 3 ధర 71,999 రూపాయలు, 2025లో ఇక్కడ విడుదలైనప్పటి లెక్క. ఈ రెండిటిలో కళ్ళనీ ముఖాన్నీ గమనించే కెమెరాలు లేవు. అవతార్ రెప్పలార్పడం, చూపు తిప్పడం అన్నీ యంత్రం అంచనా. పెదాలు కదిలేది గొంతు విని. అది మీ కళ్ళలోకి చూసినట్టున్నా అవతలి మనిషి గోడకేసి చూస్తుండవచ్చు. ఆటలకి, కలిసి సినిమా చూడడానికి, వీఆర్‌చాట్ లాంటి ఊహాలోకాల్లో తిరగడానికి డబ్బుకి తగిన వస్తువే. ఆఫీసు మీటింగుల కోసం మెటా పెట్టిన వర్క్‌రూమ్స్ యాప్ 2026 ఫిబ్రవరి 16తో మూతపడింది కనుక ఆ పని కోసం క్వెస్ట్ కొనే ఆలోచన వదులుకోవచ్చు. కళ్ళూ ముఖమూ పసిగట్టిన క్వెస్ట్ ప్రోని కంపెనీయే ఆపేసింది.

1,799 డాలర్ల శాంసంగ్ గెలాక్సీ ఎక్స్‌ఆర్‌కి గూగుల్ లైక్‌నెస్ పేరుతో ఇలాంటి ముఖమే ఇస్తోంది, 2025 డిసెంబర్‌లో బీటాగా వచ్చింది, స్కాన్ ఫోన్‌తో చేసుకోవాలి. అది గూగుల్ మీట్ లాంటి వీడియో కాల్స్‌కి, డబ్బాలోని ముఖంగా. హెడ్‌సెట్టే వద్దనుకునే కంపెనీలకి గూగుల్ బీమ్ ఉంది. హెచ్‌పీ తయారుచేసిన 65 అంగుళాల తెర, ఆరు కెమెరాలు, 24,999 డాలర్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు అదనం. ఇళ్ళ సంగతి కాదది.

కొనాలా

విజన్ ప్రో 3,499 డాలర్ల నుంచి మొదలు. రెండు కొంటే దాదాపు ఏడు వేల డాలర్లు, మన లెక్కలో ఆరు లక్షల రూపాయల చుట్టూ. భారత్‌లో ఆపిల్ దీన్ని అమ్మడం లేదు. తల్లిదండ్రుల కోసం ఒకటి సూట్‌కేసులో పంపే ఆలోచన ఉంటే కస్టమ్స్ లెక్క ముందే చూసుకోవాలి, పాడైతే ఇక్కడ బాగుచేయించుకునే దారి ఉండదని ఒప్పుకునే పంపాలి. పైగా చూపుతో ఎంచుకుని వేళ్ళతో నొక్కే పద్ధతి అరవై దాటినవాళ్ళకి పక్కన ఒకరు కూర్చుని నేర్పితేనే వస్తుంది. అమ్మానాన్నలతో వీడియో కాల్ ఒక్కటే మీ అవసరమైతే దీని జోలికి పోకండి.

వేర్వేరు ఊళ్ళలో ఉంటూ రోజూ కలిసి పనిచేసే ఇద్దరు ముగ్గురు, లేదా ఉద్యోగాల వల్ల వేరే నగరాల్లో ఉండాల్సి వచ్చిన జంట, అదీ ఇద్దరూ ఆపిల్ అమ్మే దేశాల్లోనే ఉంటే, ఆలోచించవచ్చు. కొనేముందు ఆపిల్ స్టోర్‌లో డెమో బుక్ చేసుకోండి, అరగంట ఉచితం. కళ్ళజోడు వెంట తీసుకెళితే అక్కడే పవర్ కొలిచి సరిపడే లెన్సులు తాత్కాలికంగా పెడతారు. డెమో వీడియోలకి మురిసిపోయి బరువు సంగతి మర్చిపోవద్దు. ఆ అరగంటా మధ్యలో తీయకుండా పెట్టుకుని, చెంపల మీద ఒత్తిడి పడుతుంటే పెద్ద సైజు సీల్ కూడా అడిగి చూడండి.